ఇరవై రెండు అడుగుల్లో కొమ్మల కుప్ప

చేప నా చేతికి రెండడుగుల దూరంలో ఉంది. ఏడు పౌండ్లకు తగ్గదు. దట్టంగా అల్లుకున్న నీటిగడ్డి కింది నుంచి లాక్కొచ్చాను దాన్ని. గాలం పెదవి అంచున, చర్మాన్ని పట్టుకుని వేలాడుతోంది. ఎడమచేత్తో గాలపు కర్ర ఎత్తి పట్టుకుని, కుడిచేత్తో వల అందుకోవడానికి వెనక్కి వంగాను. వల సీటు కింద ఇరుక్కుంది. ఒక్కసారి గుంజాను. ఆ కుదుపుకి దారం వదులైంది. చేప తల విదిలించింది, అంతే. ఎరగా కట్టిన రబ్బరు కప్ప ఎగిరొచ్చి నా చొక్కాకి తగిలింది.

జంటల పోటీలో ఒంటరిగా దిగితే జరిగేది ఇదే. నిబంధనలు ఒప్పుకుంటాయి. ఒక్కడే వచ్చినా రుసుము కట్టించుకుంటారు, ఐదు చేపలు తూకానికి తెమ్మంటారు. కానీ ఒక మనిషికి ఉండే చేతులు రెండే.

రెండేళ్లుగా నా బోటులో వెనక సీటు ఖాళీ. అంతకుముందు పంతొమ్మిదేళ్లు అందులో హోయిట్ మేబ్రీ కూర్చున్నాడు. నా భార్య మెర్నా పోయాక, వారంలో ఒక్కసారైనా పేరుపెట్టి పిలిచే మనిషి నాకు వాడొక్కడే. వాణ్ణి నేనే దింపేశాను. వాడు మళ్లీ వచ్చి ఆ సీట్లో కూర్చోవాలని కోరుకోని రోజు లేదు. కానీ వాడు నాకు ద్రోహం చేశాడు. నా దగ్గర రుజువుంది.

రుజువు గురించి చెప్పాలంటే ముందు కుప్పల గురించి చెప్పాలి.

అలబామాలో మా టల్స్ ఫెర్రీ జలాశయం అడుగున చాలా భాగం బోసి మట్టి నేల. జూన్ వచ్చి నీళ్లు వేడెక్కగానే బాస్ చేపలు ఒడ్డు వదిలి, పద్దెనిమిది నుంచి పాతిక అడుగుల లోతుకి దిగిపోతాయి. అక్కడ వాటికి నీడ కావాలి, ఏదో ఒక ఆనుపు కావాలి. అందుకని చలికాలంలో మేం ఓక్ కొమ్మలు నరికి, తీగతో కట్టి, సిమెంటు ఇటుకలు వేలాడదీసి ముంచేవాళ్లం. ఎండాకాలానికి ఆ కొమ్మల్లో చేపలు కాపురం పెట్టేవి. పంతొమ్మిదేళ్లలో నలభై ఒక్క కుప్పలు వేశాం. ఒక్కదాన్నీ కాగితం మీద రాసుకోలేదు. ఒకదానికైతే, నీళ్ల ట్యాంకు మెథడిస్టు చర్చి శిఖరం వెనక సగం దాక్కోవాలి, ధాన్యం గిడ్డంగి వంతెన మొదటి స్తంభానికి సూటిగా రావాలి. ఆ రెండు గీతలూ కలిసిన చోట కుప్ప. గుర్తులు నా తలలో, హోయిట్ తలలో తప్ప ఇంకెక్కడా లేవు.

అలాంటిది, ఓ వేసవిలో మా కుప్పల మీద వేరే బోటు కనబడటం మొదలైంది. అది కోల్బీ నాన్స్ అనే పాతికేళ్ల కుర్రాడిది. ఒకసారైతే యాదృచ్ఛికం అనుకున్నాను. రెండోసారి హోయిట్ ముఖం చూశాను. వాడు ఎప్పట్లాగే పొగాకు నములుతూ, పోనీలే, నీళ్లకి మనమేమన్నా కంచె కట్టామా అన్నాడు. ఆ తేలికతనం నాకు నచ్చలేదు. నాలుగోసారికి నాకు నిద్ర కరువైంది.

ఆ తర్వాతి ఫిబ్రవరిలో నేనొక వల పన్నాను. నడుంనొప్పితోనే, ఒక్కణ్ణే, ఇటుకలూ కొమ్మలూ బోటులోకి ఎక్కించి, ఎవడూ ఎర వెయ్యని బోడి మైదానం మీద ఇరవై రెండు అడుగుల లోతులో నలభై రెండో కుప్ప వేశాను. పక్కన వాగు లేదు, గట్టు లేదు, మొద్దు లేదు. అక్కడికి రావడానికి ఎవడికీ కారణం లేదు. వారం తర్వాత దాని గుర్తులు, చర్చి శిఖరం వెనక ట్యాంకు, వంతెన రెండో స్తంభం మీద గిడ్డంగి, హోయిట్ ఒక్కడికే చెప్పాను. ఇంకెవరికీ చెప్పలేదు.

జూన్ పోటీ రోజు పొద్దున్నే ఇద్దరం అక్కడికి వెళ్లాం. కోల్బీ బోటు దాని నెత్తిమీదే నిలబడి ఉంది. మేం చూస్తుండగానే రెండు చేపలు లాగాడు.

సాయంత్రం రేవులో హోయిట్ కర్రలు, ఎరల పెట్టె, వానచొక్కా తీసి వాడి ట్రక్కులో పెట్టాను. ఇంకో బోటు చూసుకో అన్నాను. ఎందుకని అడిగాడు. ఎందుకో నీకు తెలుసు, నాకూ తెలుసు అన్నాను. వాడు ట్రక్కెక్కి వెళ్లిపోయాడు. అంతే. పంతొమ్మిదేళ్లు రెండు మాటల్లో ముగిశాయి.

ఇక చేప జారిపోయిన ఆ సెప్టెంబరు శనివారానికి వస్తాను.

పెద్ద చేప తప్పిపోయాక గడ్డిని వదిలేశాను. సెప్టెంబరు చివర చేపలకి తిక్క ఉంటుంది. కొన్ని ఇంకా లోతులోనే ఉంటాయి, కొన్ని చిన్నచేపల గుంపుల వెంట వాగుల్లోకి బయల్దేరతాయి, మిగతావి ఎక్కడున్నాయో వాటికే తెలీదు. ఇలాంటప్పుడే ఇద్దరుండాలి. నేను ముందు నిలబడి వేగంగా ఎర విసిరి వెతికేవాణ్ణి. హోయిట్ వెనక కూర్చుని రబ్బరు పురుగుని నేలమీద అంగుళం అంగుళం ఈడ్చేవాడు. మధ్యాహ్నానికల్లా చేపలకి ఏం కావాలో మాకు తేలిపోయేది. ఒక్కణ్ణే రెండూ చేయబోతే రెండూ సగం సగమే అవుతాయి. పదకొండున్నరకి నా బోటు నీళ్ల తొట్టిలో మూడు చేపలున్నాయి. తూకం మూడింటికి. నిమిషం ఆలస్యమైనా తూచరు.

రేవుకి పదకొండు మైళ్ల దూరంలో, బారెన్ ఫోర్క్ మలుపులో నా మోటారు దగ్గి ఆగిపోయింది. మూత తీసి చూశాను. నూనె వాసన, లోపల ఇనుము ఇనుముని కొరికిన గుర్తులు. అది ఇప్పట్లో తిరగదు.

పోటీలో ఎవడి బోటు చెడినా, ముందుగా చూసినవాడు ఆగాలి. ఇది రాతలో లేని నిబంధన. నేను ఎంతోమంది కోసం ఆగాను. ఒంటిగంట దాటాక ఒక బోటు వేగం తగ్గించి నా వైపు తిరిగింది. ఎవరిదో గుర్తుపట్టగానే, చొక్కా విప్పి రేవుదాకా ఈదుకుంటూ పోదామా అనిపించింది.

కోల్బీ కూడా ఆ రోజు ఒంటరే. వాడి జంటగాడి భార్యకి పురుడొచ్చిందట. బోటు పక్కన ఆనించి, టోపీ తీసి పలకరించాడు.

"ఎక్కండి, మిస్టర్ వెండెల్."

"తాడు కట్టి లాగు, చాలు."

"లాగితే మూడింటికి మీరూ చేరరు, నేనూ చేరను. మీ చేపల్ని నా కుడి తొట్టిలో వేసుకోండి. నావి ఎడమ దాంట్లో ఉన్నాయి. నావి చూసి ఏడవకండి మరి."

నవ్వడం ఇష్టంలేక దవడ బిగించుకున్నాను. నా బోటుని దగ్గర్లో ఉన్న ఒకరి చెక్కరేవుకి కట్టేసి, మూడు చేపల్నీ మార్చి, వాడి పక్కన కూర్చున్నాను.

దారిలో వాడు నన్ను మర్యాదగా అడిగాడు. ఇంకా టైముంది, ఒక్కచోట పది నిమిషాలు ఆగితే మీకేమన్నా అభ్యంతరమా అని. బోటు వాడిది, నేనేమంటాను? వేగం తగ్గింది. తలెత్తి చూశాను. నీళ్ల ట్యాంకు చర్చి శిఖరం వెనక్కి జరుగుతోంది. గిడ్డంగి నెమ్మదిగా వంతెన రెండో స్తంభం మీదికి వస్తోంది. నలభై రెండో కుప్ప దగ్గరికే తీసుకొచ్చాడు నన్ను.

వాడి మెడ పట్టుకుని అడుగుదామనుకున్నాను. అప్పుడు ఒక సంగతి గమనించాను. వాడు ఒడ్డువైపు ఒక్కసారి కూడా చూడలేదు. ట్యాంకుని గాని, చర్చిని గాని. వాడి కళ్లు ముందున్న తెరమీదే ఉన్నాయి.

నా బోటులోనూ ఒక యంత్రం ఉంది. పాతది. బోటు కింద సూటిగా లోతెంతో చెబుతుంది, కుప్ప నెత్తికెక్కితే ఒక మచ్చ చూపిస్తుంది. కుప్ప ఎక్కడుందో ముందే తెలిసినవాడికే అది పనికొస్తుంది. కోల్బీ తెర అలాంటిది కాదు. బోటుకి అటు ముప్పై గజాలు, ఇటు ముప్పై గజాలు నేలంతా పరిచి చూపిస్తోంది. ఎండిన చెరువుని మేడమీంచి చూస్తున్నట్టుంది. ఖాళీ మట్టి, ఇంకా ఖాళీ మట్టి, ఉన్నట్టుండి కుడివైపు అంచున నా కొమ్మలు. ప్రతి రెమ్మా కనబడుతోంది. మొదళ్ల దగ్గర రెండు సిమెంటు ఇటుకలు, చివర ఒకటి. కొమ్మల మధ్య తెల్లటి బియ్యపు గింజల్లా చేపలు, వాటి వెనక నీడలు.

తెర మీద వేలు పెట్టి అడిగాను. "ఈ చోటు నీకు ఎవరు చెప్పారు?"

"చెప్పడమేంటి సార్?" వాడికి నా ప్రశ్న అర్థమే కాలేదు. "మూడేళ్ల కిందట మా మామ దీన్ని కొనిచ్చాడు. అప్పట్నుంచీ ప్రతి మార్చిలో సరస్సంతా దున్నినట్టు వరసలు తిరుగుతున్నాను. రెండో ఏడాది మార్చిలో, నాలుగో వరసలోనే ఇది తగిలింది."

వాడే మళ్లీ అందుకున్నాడు. ఇలాంటివి ఇంకా ఉన్నాయట. ఇప్పటికి ముప్పై ఎనిమిది దొరికాయట. అన్నీ ఒకే చేతి కట్టేనట, మొదళ్ల దగ్గర రెండు ఇటుకలు, చివర ఒకటి. ఎవడో పెద్దాయన ఏళ్ల తరబడి ముంచి ఉంటాడు, చచ్చిపోయాడో ఏమో పాపం అన్నాడు. ఇంకో నాలుగున్నాయిరా అని నేను చెప్పలేదు.

"హోయిట్ మేబ్రీ నీకు తెలుసా?" అన్నాను.

"తెలుసు సార్. ఓసారి పెట్రోలు బంకులో కనబడితే ఈ తెర చూపించి అడిగాను, ఈ కుప్పలు మీవేనా అని. 'ఏం కుప్పలు బాబూ?' అన్నాడు. ముఖంలో ఒక్క గీత కదల్లేదు. పాపం, ఈయనకేం తెలీదనుకుని వదిలేశాను."

"ఎప్పుడది?"

"రెండేళ్లయింది. ఆగస్టులో."

జూన్‌లో నేను వాణ్ణి దింపేశాను. ఆగస్టులో, బోటూ లేక, జంటా లేక నిలబడి కూడా, వాడు మా గుర్తులు కాపాడాడు.

కోల్బీ బరువైన జిగ్ ఎరని కుప్ప అవతలికి విసిరి, నేలకి దిగనిచ్చి, కొమ్మమీంచి మెల్లగా జార్చాడు. కర్ర వంగింది. నాలుగు పౌండ్ల చేప. వల నేనే పట్టుకున్నాను.

మూడు చేపలతో నాకు పంతొమ్మిదో స్థానం వచ్చింది. కోల్బీ గెలిచాడు.

మర్నాడు ఆదివారం మధ్యాహ్నం హోయిట్ ఇంటికి వెళ్లాను. వాడు షెడ్డు నీడలో కూర్చుని రంపం గొలుసుకి పదును పెడుతున్నాడు. నన్ను చూసి లేవలేదు, ఆకురాయి మాత్రం ఆపాడు. తలుపులోంచి వాడి భార్య ఓపల్ తొంగిచూసింది.

"మా ఇల్లు ఎక్కడుందో మర్చిపోయావనుకున్నాం వెండెల్."

"మోటారు పోయిందంటగా," అన్నాడు హోయిట్. మా ఊళ్లో కబురు బోటుకన్నా ముందే రేవు చేరుతుంది.

నిలబడే నిన్న జరిగిందంతా చెప్పాను. తెర, ఇటుకలు, బియ్యపు గింజలు, ముప్పై ఎనిమిది. తప్పు నాది అన్నాను. ఆ మాట అనడానికి దారిపొడుగునా ట్రక్కులో సాధన చేశాను, అయినా నత్తినత్తిగానే వచ్చింది. హోయిట్ తల ఊపుతూ విన్నాడు. ఆ తెర సంగతి వాడికి రెండేళ్ల కిందటి ఆ ఆగస్టు నుంచే తెలుసు. కోల్బీ చూపించిన రోజే, నా బుర్రలో ఏం నడిచిందో వాడికి అర్థమైపోయింది.

"మరి వచ్చి నాకెందుకు చెప్పలేదురా?"

"నువ్వు అడిగితే చెప్పేవాణ్ణి. తెలుసన్నావు కదా. అన్నీ తెలిసినవాడికి ఏం చెప్తాం?"

అందులో కోపం లేదు. కోపం ఎప్పుడో అరిగిపోయినట్టుంది. ఓపల్ లోపలికి రమ్మంది. బీన్సు, మొక్కజొన్న రొట్టె, మిగిలిన పందిమాంసం వడ్డించింది. రెండేళ్లలో ఒకరి ఇంట్లో కూర్చుని తినడం అదే మొదటిసారి. తింటూ తింటూ ఆ పెద్ద చేప సంగతి చెప్పాను, వల సీటు కింద ఇరుక్కున్న సంగతి. హోయిట్ నవ్వీ నవ్వీ దగ్గాడు. "ఏడు పౌండ్లు కాదులే. చెయ్యి జారిన చేప ఎప్పుడూ రెండు పౌండ్లు బలుస్తుంది," అన్నాడు.

అక్టోబరు పోటీకి ఇంకా మూడు వారాలున్నాయి, నాతో వస్తావా అని అడిగాను. వాడు లేచి, గోడకి తగిలించిన కర్రలు దించి ఒళ్లో పెట్టుకుని, పాత దారం ఊడదీయడం మొదలుపెట్టాడు. అదే జవాబు. దారం కుప్పగా నేలమీద పడుతుంటే ఇద్దరం మాటల్లోకి దిగాం. అక్టోబరు మూడో వారానికి నీళ్లు చల్లబడతాయి, చిన్నచేపలు వాగుల వెనక్కి పోతాయి, బాస్‌లు మూడడుగుల నీళ్లకి ఎక్కుతాయి. పొద్దున్నే నీళ్లమీద చప్పుడు చేసే ఎరలు, ఎండెక్కాక మొద్దుల్ని రాసుకుంటూ పోయే చిన్న ఎరలు. కుప్పల వైపు పోనే పోవద్దన్నాడు. వాటిని ఆ కుర్రాడికే వదిలేద్దాం అన్నాడు. తల వంచుకుని దారం ఏరాను.

అప్పుడు వాడు మామూలుగా, ఏదో గుర్తొచ్చినట్టు అడిగాడు.

"ఒక్కటి మాత్రం నాకు ఎప్పుడూ అర్థం కాలేదు. నడుం పట్టేసి ఉన్నవాడివి, ఫిబ్రవరి చలిలో ఒక్కడివే ఆ ఆఖరి కుప్ప ఎందుకు వేశావ్? పిలిస్తే వచ్చేవాణ్ణిగా."

నిన్ను ఆశ్చర్యపరుద్దామని అంటే సరిపోయేది. వాడు నమ్మేవాడు. అబద్ధం నాలుక చివరి దాకా వచ్చింది కూడా. కానీ రెండేళ్లు తప్పుడు రుజువుతో బతికాను. ఇంకో తప్పుడు మాటమీద మళ్లీ మొదలుపెట్టాలనిపించలేదు. ఉన్నదున్నట్టు చెప్పాను. అక్కడికి ఎవడూ రాడు కాబట్టి వేశాననీ, నీకొక్కడికే చెప్పాననీ, కోల్బీ అక్కడ కనబడితే చెప్పింది నువ్వేనని తేలుతుందనుకున్నాననీ.

వాడి చేతిలో దారం చక్రం తిరగడం ఆగింది.

"చేపల కోసం కాదన్నమాట."

"కాదు."

"నాకోసం వేశావ్."

నేను అవునన్నట్టు తల ఊపాను.

"కోపంలో అన్నది నేను పట్టించుకోను వెండెల్. నేనూ అంటాను. రేవులో నువ్వన్నది కోపమే అనుకున్నాను ఇన్నాళ్లూ." చాలా నెమ్మదిగా మాట్లాడుతున్నాడు, లోతు కొలుస్తున్నట్టు. "కానీ ఫిబ్రవరిలో వేసి, జూన్ దాకా ఆగావ్. మార్చంతా నా పక్కనే చేపలు పట్టావ్. ఏప్రిల్లో మా అమ్మ పోతే శవపేటిక మోశావ్. ముందు ఎడమవైపు నువ్వు, కుడివైపు నేను. అప్పుడు కూడా ఆ కుప్ప నీళ్లలోనే ఉంది."

వంటగదిలో ఓపల్ కడుగుతున్న గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

హోయిట్ లేచాడు. కర్రల్ని ఒక్కొక్కటే గోడకి తగిలించాడు. వాటికి దారం లేదు. తర్వాత షెడ్డులోకి వెళ్లాడు. కాసేపటికి ఆకురాయి చప్పుడు వినిపించింది. దానికి లయ లేదు, ఆగి ఆగి వస్తోంది.

నేను ట్రక్కు దగ్గరికి వెళ్లాక ఓపల్ వెనకే వచ్చింది. మిగిలిన మొక్కజొన్న రొట్టె కాగితంలో చుట్టి తెచ్చింది. కొన్నాళ్లు రావద్దు వెండెల్, ఎప్పుడు రావాలో నేనే ఫోను చేస్తాను అంది. చేస్తావా అని అడిగాను. ఆమె రొట్టె నా చేతిలో పెట్టి, షెడ్డు వైపు చూసి, లోపలికి వెళ్లిపోయింది.

అక్టోబరులో చేపలు వాడు చెప్పినట్టే మూడడుగుల నీళ్లకి వచ్చాయి. కొత్త మోటారు బిగించుకుని, పోటీలో నేను ఒక్కణ్ణే దిగి ఐదూ పట్టాను. ఎవరూ వచ్చి చూడలేదు. నవంబరులో చేపలు వాగుల నోళ్లకి జరిగాయి, వాటితోపాటు నేనూ జరిగాను. క్రిస్మస్ దాటాక రాతి కొండ అంచున ముప్పై అడుగులకి దిగిపోయాయి. ఇప్పుడు ఫిబ్రవరి. ఎర కిందికి వదిలి, రెండంగుళాలు లేపి, ఆపి, మళ్లీ లేపుతాను. చలికి వేళ్లు పనిచెయ్యవు. ఆ కొండ కింద ఫోనుకి సిగ్నల్ అందదు. అందుకని గంటకోసారి ఎర పైకి చుట్టేసి, బోటుని సరస్సు నడిమధ్యకి నడిపి, అక్కడ ఫోను తీసి చూసుకుని, కాసేపు నిలబడి, వెనక్కి వస్తుంటాను.